ఫొటో వెనక పేర్లు రాసిపెట్టండి

ఈసారి పత్తి ధర గురించి కాదు, యూరియా గురించి కాదు. ఇండ్లల్ల మూలకు పడి ఉన్న పాత ఆట సామాన్ల గురించి రాస్తున్న. నేను చెప్పేది ఒక్కటే: వాటిని పాత సామాన్ల బండికి వెయ్యకండి.

మనం రైతులం. పాస్‌బుక్కు, శిస్తు రసీదు, తాతల నాటి పహాణీ నకలు ఎన్నేండ్లయినా సందుగ అడుగున భద్రంగా పెడతం. కాగితం లేకుంటే దున్నుకునే భూమి కూడా మనది కాదంటరని భయం. మరి ఊళ్లె మనం ఆడిన ఆటకు కాగితం ఏది?

మొన్న అటక మీది సందుగ దించితే మా పాత ఫుట్‌బాల్ దొరికింది. పైన తోలు, లోపల రబ్బరు బ్లాడర్, మూతి దగ్గర లేసు. తోలు ఎండి పెంకు లెక్క అయింది. దాని కింద 1988 నాటి టీమ్ ఫొటో. పదకొండు మందిమి, బూట్లున్నది ఇద్దరికే. వానల ఆడితే ఆ బంతి నీళ్లు తాగి బరువెక్కేది, తలతో కొడితే కండ్ల ముందు చుక్కలే. పంచరైతే సైకిల్ షాపుల అతుకు, సైకిల్ పంపుతోనే గాలి. వరికోతలైనంక ఎండిన మడిలో రెండు దిక్కుల కట్టెలు పాతితే అదే మా గ్రౌండ్.

ఫొటో చూసి ఇంటర్ చదివే పిల్లగాడు "మన ఊళ్లె ఫుట్‌బాలా?" అని నవ్విండు. ఆ పదకొండు మందిల ఇద్దరు ఇప్పుడు లేరు, ఒకాయన దుబాయ్‌ల ఉన్నడు. వెనక వరుసల చివరాయన ఎవరని నలుగురిని అడిగితే నాలుగు పేర్లు చెప్పిన్రు.

హైదరాబాద్ సంగతి చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీం అక్కడి బడి పంతులు. ఆయన నేర్పిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానంల నిలిచింది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్ల దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్ ఆ మ్యాచ్‌ల ఒక గోల్ కొట్టిండు. గోల్ కాడ హైదరాబాద్‌ల పుట్టిన పీటర్ తంగరాజ్, ముందు వరుసల సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం. 1963 జూన్‌ల రహీం క్యాన్సర్‌తో పోయిండు. చాలామంది పిల్లలకు ఆయన పేరు తెలిసింది 2024ల 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చినంకనే. పతకం తెచ్చినోళ్ల గతే ఇట్లుంటే, మన పదకొండు మంది మీద సినిమా ఎవరు తీస్తరు?

పాత బంతి కడుపు నింపుతదా అని కొందరు అంటరు. నింపదు. కానీ ఆ ఫొటోల ఉన్నోళ్లు ఒక్క కులపోళ్లు కాదు, ఒక్క వాడోళ్లు కాదు. హోటల్ కాడ వేరే గ్లాసులు పెట్టే రోజులల్ల మేం పదకొండు మందిమి ఒకటే కుండ నీళ్లు తాగినం. ఆ ముచ్చటకు ఊళ్లె ఇంకో సాక్ష్యం లేదు. ఫొటో పోతే అది కూడా పోతది.

అందుకే చిన్న పనులు చెప్తున్న. ఫొటో వెనక పెన్సిల్‌తో పేర్లు, ఊరు, ఏడాది రాయండి. పెన్నుతో రాస్తే సిరా ముందుకు దిగుతది. లామినేషన్ చేయించకండి, ఫొటో పాడైతే మళ్లీ ఊడదీయలేం. ఫోన్‌ల ఒక కాపీ తీసి నలుగురికి పంపండి. తోలు బంతిని ఎండల పెట్టకండి, గాలి నిండా కొట్టకండి.

దసరాకు పట్నం నుంచి అందరు వస్తరు గదా. ఒక పూట చెట్టు కింద కూర్చోని, పెద్దమనుషులను పక్కన పెట్టుకొని ఆ పేర్లు రాయించండి. వాళ్లు చెప్పగలిగే పండుగలు ఇంకెన్ని ఉన్నయో!