నూరేండ్ల ప్రాయము, పదునేడేండ్ల బుద్ధి

మా పఠనాలయమునకు నిత్యము వచ్చు నొక కళాశాల విద్యార్థి గత మాసమున లావుపాటి యాంగ్ల నవల నొకదానిని మా బల్లపై నుంచి, "అయ్యా, ఇది మీరును చదివి చెప్పవలెను. ఏండ్ల తరబడి వేచి చదివితిమి గాని, మనసు నిండలేదు" అనెను. అది అమెరికా రచయిత్రి స్టెఫెనీ మేయరు 2020 ఆగస్టులో ప్రకటించిన "మిడ్‌నైట్ సన్". ఇట్టి పుస్తకములు మా వంటి వారికి గావని మొదట త్రోసిపుచ్చ దలచితిమి. కాని మన పిల్లలు రాత్రులు మేలుకొని చదువు గ్రంథమును పెద్దలు ముట్టకయే దూషించుట న్యాయము గాదు. కావున నారువందల పుటలకు మించిన యా గ్రంథమును సాంతము చదివితిమి.

దీనికి మూలమైన "ట్వైలైట్" 2005లో వెలువడినది. ఆ గ్రంథమాల ప్రతులు లోకమున పదికోట్లకు పైగా నమ్ముడుపోయినవి. ఎడతెగని వానలు గురియు ఫోర్క్స్ అను చిన్న యూరికి బెల్లా యను పదునేడేండ్ల బాలిక వచ్చును. పాఠశాలలో తన ప్రక్కన గూర్చున్న ఎడ్వర్డు రక్తపిశాచమని తెలిసికొనియు నతనిని ప్రేమించును. ఆ యూరి వానను, క్రొత్తగా వచ్చిన పిల్ల బెరుకును రచయిత్రి చక్కగ వర్ణించినది. ఈ మెప్పును మేము దాచుకొనము. ఆ కథనే ఎడ్వర్డు నోట మరల జెప్పించుట "మిడ్‌నైట్ సన్" పని. దీని చిత్తుప్రతి కొంత 2008లో రచయిత్రి యనుమతి లేకయే బయటబడగా నామె రచన నాపివేసెను. పాఠకులు పండ్రెండేండ్లు ఎదురుచూచిరి. వారికి దొరకినది తెలిసిన కథయే. అవే సంభాషణలు, అదే ముగింపు.

మా యసంతృప్తికి గారణము పునరుక్తి మాత్రమే కాదు. ఎడ్వర్డు 1901లో బుట్టినవాడు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో షికాగో నగరమున మరణశయ్యపై నుండగా నొక వైద్యుడు వానిని రక్తపిశాచముగ మార్చి నిలిపెను. ఆ విషజ్వరము మన దేశముననే కోటిమందికి పైగా బలిగొన్నది. అట్టి మృత్యుముఖమునుండి వెడలి, రెండు మహాయుద్ధముల కాలమును దాటి, ఇతరుల మనస్సులోని మాటలను వినగల శక్తిని గూడ బొందిన వాడు ఎంత చెప్పవలెను! కాని యతడు మరల మరల బడికే పోవును. సహాధ్యాయుల యసూయలను, విసుగును వినును. వానినే మనకు వినిపించును. గడచిన శతాబ్దమును గూర్చిన మాట మిక్కిలి యరుదు. అట్టివాడొకడు మన యోరుగల్లున నుండెనేని, నిజాము పాలనను జూచియుండును. 1946 ఆగస్టులో కోటలో జెండా నెగురవేసిన బత్తిని మొగిలయ్యను రజాకారులు చంపుట జూచియుండును. 2014లో తెలంగాణ రాష్ట్రోదయమును జూచియుండును. అంత జూచియు నొక బాలిక కేశముల పరిమళమును గూర్చియే ముచ్చటించినచో, మన యరుగులమీది ముసలివారు వానిని కూర్చుండనిత్తురా?

ఇంతకంటె మమ్ము కలత పెట్టినది మరియొకటి కలదు. ఎడ్వర్డు రాత్రివేళ బెల్లా గదిలో, ఆమె యెరుగకుండ బ్రవేశించి, నిద్రించుచున్న యామెను జూచుచుండును. క్రొత్త గ్రంథమున నిది తప్పని తనకు దెలియుననియు జెప్పుకొనును. ఐనను కిటికీ కిర్రుమనకుండ నూనె వేయును! మొదటి నవలలో బెల్లా యీ సంగతి తెలిసినపుడు కోపింప బోయి, లోలోపల బొంగిపోవును. నిరాకరించుటకు వీలే లేని చూపును ప్రేమకు పరాకాష్ఠగ నిలుపుట రచయిత్రి యుద్దేశము గాకపోవచ్చును. చదువరి మనసున నిలుచునది మాత్ర మదియే.

ఈ మాట మేము తేలికగ ననుట లేదు. ఆ నవల చలనచిత్రమై వెలువడిన 2008వ సంవత్సరముననే, డిసెంబరులో, ఈ వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై ఆమ్లము పోయబడినది. ప్రేమను నిరాకరించుటయే వారిలో నొకతె నేరము. ఆమె యా నెల దాటకయే కన్నుమూసెను. ఆ దుర్మార్గమునకు నవలలు గారణమని మేమనము, అట్లనుట బుద్ధిహీనత. కాని "వలదు" అను మాటకు విలువ యెంతయో మన యూరు అంత ఖరీదునకు గొన్నది. ఆ మాట యుచ్చరించు నవకాశమే నాయికకు లేని ప్రేమకథను మేము వినోదముగ మాత్రమే చదువజాలము.

అద్భుతమును ప్రేమయు గలసిన కథ యిట్లే యుండవలెనా? పదునారవ శతాబ్దిలో పింగళి సూరన వ్రాసిన "కళాపూర్ణోదయము"న మణికంధరుడు నలకూబరుని రూపమును, కలభాషిణి రంభ రూపమును దాల్చి, పరుల ప్రేమను దొంగిలింప జూతురు. అసలు రంభ యెదుటికి వచ్చి నిలుచును! ఇద్దరు రంభల కలహము ఏ నాటకమునకును దీసిపోదు. ఆ మోసపు ఫలము వారిని వదలక వెంబడించును; జన్మాంతరమున గాని వారు దంపతులు గారు. వేషముతో బొందిన ప్రేమ ఎవరిదను ప్రశ్న సూరన నాలుగువందల యేండ్లకు మునుపే వేసెను.

ఈ కథ చెప్పగా నా విద్యార్థి కన్నులు మెరసినవి. "ఇది నాకర్థమగు వచనములో దొరకునా?" యని యడిగెను. మేము బీరువా తెరచితిమి. పద్యప్రతి యొకటి, పీఠికలు, విమర్శనములు నాలుగు గలవు. పదునాఱేండ్లవాడు రాత్రి మేలుకొని చదువదగిన వచనప్రతి మాత్రము లేదు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు, ఉరుదూ రాజ్యభాషగ నున్న దినములలో, తెలుగు పుస్తకము పిల్లవాని చేతికి జేరుటకే పాటుపడిరి. నేడు మా బీరువా వానిని రిక్తహస్తములతో బంపినది. ఆ ప్రతిని వ్రాయించుటకు ముందుకు వచ్చు కవిపండితుల యుత్తరముల కొఱకు మేము వేచియున్నాము.