ఎదుటివాడేమన్నాడు?



మొన్న మా వీధి కుర్రవాడొకడు పెద్ద షీల్డు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ప్రాంతీయ స్థాయిలో జరిగిన అంతర కళాశాలల వాద ప్రతివాదాల పోటీలో వాళ్ళ జట్టుకు ప్రథమ బహుమతి వచ్చిందట. నమస్కరించబోయినవాణ్ణి లేవనెత్తి, "చాలా సంతోషం నాయనా! ఇంతకూ ఎదుటి జట్టువాళ్ళు ఏమన్నారు?" అని అడిగాను. కుర్రవాడు తెల్లముఖం వేశాడు. "ఏదో అన్నారు మాస్టారూ. అప్పుడు నేను నా పాయింట్లు మననం చేసుకుంటున్నాను" అన్నాడు.

విన్నారు కదా! వాదంలో గెలిచి వచ్చినవాడికి తాను ఏ మాటమీద గెలిచాడో తెలియదు.

తప్పు ఆ పిల్లవాడిది కాదు. అధ్యాపకులు ఉపన్యాసం రాసిచ్చారు, ఇతడు వల్లించాడు. అనుకూల వక్తకు ఐదు నిమిషాలు, ప్రతికూల వక్తకు ఐదు నిమిషాలు. గంట మోగింది. న్యాయనిర్ణేతలు ఉచ్చారణకు ఇన్ని, హావభావాలకు ఇన్ని అని మార్కులు వేశారు. ఒకరి మాట మరొకరికి తగలనే లేదు. దీనిని వాదమనడం ఆ పదానికి చేసే అపచారం.

ఇతరులను ఆడిపోసుకొనే ముందు నా దోషం ఒప్పుకోవాలి. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో నేనూ ఇదే చేశాను. ఉభయ పక్షాల ఉపన్యాసాలనూ నేనే రాసి, ఇద్దరు పిల్లలచేత అప్పజెప్పించిన సందర్భాలున్నాయి. మా బడి బీరువాలోని షీల్డులలో కొన్ని నిజానికి నావి, పిల్లలవి కావు.

గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడు విధాలుగా విభజించాయి. సత్యనిర్ణయం కోసం ప్రమాణ తర్కాలతో ఇరుపక్షాలు సాగించేది వాదం. గెలుపే లక్ష్యంగా ఛలానికైనా దిగేది జల్పం. తన పక్షమంటూ నిలపకుండా ఎదుటి పక్షాన్ని ఖండించేది వితండం. మన పోటీలలో జరుగుతున్నది ఈ మూడింటిలో ఏదీ కాదు. వితండవాదికైనా, ఖండించడానికి ఎదుటివాడి మాట వినక తప్పదు కదా!

వినడమే బలమని చెప్పడానికి మనకు గిడుగు రామమూర్తి పంతులుగారి కంటె సాక్షి కావాలా? ఆయన గ్రాంథికవాదుల రచనలను వారికంటె శ్రద్ధగా చదివారు. వారి వాక్యాలే ఉదాహరించి, వారు విధించిన వ్యాకరణాన్ని వారే పాటించలేకపోతున్నారని నిరూపించారు. గ్రాంథికం మీద ప్రేమ ఇంకా చావని నావంటివాడు కూడా ఆ వాదపటిమకు తలవంచాలి.

ఇప్పటి కాలానిది మరొక సాక్ష్యం. 2015 సెప్టెంబరులో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో, ఒక కట్టుదిట్టమైన కారాగారంలో, బార్డ్ కళాశాల వారి కార్యక్రమం కింద చదువుకుంటున్న ముగ్గురు ఖైదీలు హార్వర్డ్ విద్యార్థుల జట్టుతో వాదించి గెలిచారు. వారికి అంతర్జాలం లేదు. పుస్తకం కావాలన్నా జైలు అధికారుల అనుమతి రావాలి. అధికార పత్రాలు లేని వలస కుటుంబాల పిల్లలను నిరాకరించే హక్కు ప్రభుత్వ పాఠశాలలకు ఉండాలన్న పక్షం వారి వంతుకు వచ్చింది. అది వారికి సమ్మతమైన పక్షం కాదు. అయినా, ఆ పిల్లలు చేరే బడులు అసలే సరిగా చదువు చెప్పడంలేదన్న వైపునుండి తర్కం నిర్మించారు. హార్వర్డ్ వారు ఆ వాదంలోని అన్ని అంశాలకూ బదులు చెప్పలేదని న్యాయనిర్ణేతలలో ఒకరు అన్నారు. గమనించండి, ఫలితాన్ని తేల్చింది కంఠస్వరం కాదు, బదులు.

"సొంత నమ్మకానికి విరుద్ధంగా వాదించడం పిల్లలకు కపటం నేర్పడమే కదా" అని ఆక్షేపించేవారున్నారు. కాదంటాను. మన శాస్త్రకారులు పూర్వపక్షాన్ని స్థాపించిన తరువాతే సిద్ధాంతం చెప్పారు. నచ్చని పక్షంలో ఒక గంట కాపురముండి వచ్చినవాడు మళ్ళీ దానిని అంత తేలికగా తూలనాడడు. "పిల్లలకు సభాపిరికితనం పోవద్దా" అంటారు మరికొందరు. పోవలసిందే. దానికి వక్తృత్వ పోటీ చాలు, ఆ పేరుతోనే పెట్టండి.

వాదమని పేరు పెట్టినచోట మాత్రం నాలుగు నియమాలు ఉండాలి. ఏ పక్షమో చీటీ తీసి ఆ పూటే తేల్చాలి. రాసి తెచ్చిన ఉపన్యాసం చదవరాదు. ప్రతివక్త ముందుగా ఎదుటివాడి వాదాన్ని, ఆ ఎదుటివాడే ఔననేటట్లు, తన మాటల్లో చెప్పాలి. సగం మార్కులు బదులుకే కేటాయించాలి. ఇదేమీ పరదేశపు విద్య కాదు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి ఏమడుగుతాడో అవధానికి ముందుగా తెలియదు. విని, అక్కడికక్కడే చెప్పడంలోనే రసమంతా ఉంది.

ఆ కుర్రవాణ్ణి ఆదివారం మళ్ళీ రమ్మన్నాను. ఈసారి ఉపన్యాసం రాసివ్వను. అతడి పక్షాన్ని నేను ఖండిస్తాను, అతడు వినాలి. ఆ తరువాత నేను వింటాను. ఈ వయసులో నేను నేర్చుకోవలసిందీ అదే.

ఈ టపాను ఖండించదలచిన మిత్రులకు స్వాగతం. ఒక్కటే విన్నపం. ముందుగా నేనేమన్నానో ఒక్క వాక్యంలో చెప్పి, ఆపైన ఉతికి ఆరవేయండి.