అమ్మానాన్నలతో కలిసి ఒక పని

క్రిస్మస్‌కో, సంక్రాంతికో పిల్లలు ఊళ్ళకు వస్తారు. పండగ వెళ్ళిన వారం మా ఓ.పి.లో పెద్దవారు ఎక్కువగా కనబడతారు. ఒకరికి షుగర్ పెరిగి ఉంటుంది, ఒకరికి కాళ్ళు వాచి ఉంటాయి. "పిల్లలొచ్చారమ్మా, మూడు రోజులూ పొయ్యి దగ్గరే ఉన్నాను" అంటారు తల్లులు. వాళ్ళతో ఏం మాట్లాడారని అడిగితే నవ్వి ఊరుకుంటారు. కొడుకు ఫోనులో, మనవలు టీవీ ముందు, ఈమె వంటింట్లో. ఇక మాటలెక్కడివి?

పిల్లలు రావడం సంతోషమే. కాని చుట్టాల్లా కూర్చుని వెళ్ళడం గాని, తనిఖీకి వచ్చిన అధికారుల్లా ప్రశ్నలు వేయడం గాని చాలదని మా అభిప్రాయం. "మందులు వేసుకుంటున్నావా?" అంటే "ఆఁ, బాగానే ఉన్నాం" అంటారు. ఏడాది పొడుగునా ఫోనులో చెప్పిందీ అదే. పక్కన ఉండి కలిసి ఏదైనా పని చేస్తే మాత్రం వాళ్ళు చెప్పనివి కూడా మనకు తెలుస్తాయి.

పొద్దున్నే నాన్నగారితో కలిసి నడవండి. మీ వేగంతో కాదు, ఆయన వేగంతో. మధ్యలో ఆగుతున్నారా, ఆయాసపడుతున్నారా, మెట్టు దిగేటప్పుడు తడబడుతున్నారా గమనించండి. 65 ఏళ్ళు దాటినవారు కూడా శక్తి కొద్దీ వారానికి కనీసం 150 నిమిషాలు నడక వంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు ఇరవై నిమిషాల పైచిలుకు.

ఒక సాయంత్రం మందుల డబ్బా ముందు పెట్టుకుని ఇద్దరూ కలిసి సర్దండి. గడువు దాటినవి ఉంటాయి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఉండి, రెండూ మింగుతున్నవారిని మేము చూస్తూనే ఉంటాం. అయితే వాడుతున్న మందు ఏదీ మీ అంతట మీరు ఆపవద్దు. డబ్బాతో సహా డాక్టరుగారికి చూపించండి.

"అమ్మకు వండిపెట్టడమే ఆనందం కదా" అని కొందరంటారు. నిజమే, ఆ ఆనందం ఆమెకు ఉండాలి. ఆమెను పీట వేసి కూర్చోబెట్టండి. పిండి దంచడం, కూరలు తరగడం మీరు చేయండి. అరిసెల పాకం ఎప్పుడు దించాలో ఆమె చెబుతుంది, మీరు నేర్చుకోండి. ఎన్నో ఏళ్ళుగా చేసిన వంటలో వరుస మరచిపోతుంటే వయసు మీద పడిందిలే అని వదిలేయకుండా వైద్యుని సలహా తీసుకోండి.

మంచాన ఉన్నవారితో చేసే పనులూ ఉన్నాయి. తలకు నూనె రాయండి, గోళ్ళు తీయండి. షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గితే పుండు పడినా నొప్పి తెలియదు. గోళ్ళు తీసేటప్పుడు వేళ్ళ సందుల్లోనూ, అరికాళ్ళలోనూ చూడండి. పాత ఫొటోలు తీసి ఎవరెవరో అడిగి వెనుక పేర్లు రాయండి. మనవలను పిలిచి అష్టాచమ్మా గీయించండి. నిన్నటి మాట గుర్తులేనివారు కూడా చిన్ననాటి ఆటను మరచిపోకపోవచ్చు.

తల్లిదండ్రుల పోషణ కోసం మన దేశంలో 2007లో చట్టం వచ్చింది. పోషణ ఖర్చు ఇమ్మని అది ఆజ్ఞాపించగలదు గాని, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలవమని ఏ చట్టమూ చెప్పలేదు. అది పిల్లలే చేయాలి.

కాబట్టి ఈసారి బయలుదేరే ముందు, ఏం తేవాలని కాక, ఏం చేద్దామని అడగండి. తిరిగి వెళ్ళేటప్పుడు ఒక పని మిగిల్చి వెళ్ళండి. సగం ఫొటోలకే పేర్లు రాసి ఉంటే మిగతావి ఆదివారం ఫోనులో అడగవచ్చు. అప్పుడు "బాగానే ఉన్నాం" దగ్గర మాట ఆగిపోదు.