సంతకం చివర చదవండి

జపాను ఖడ్గంలో పిడికీ అలుగుకీ మధ్య ఒక లోహపు బిళ్ళ ఉంటుంది. దాన్ని ‘త్సుబ’ అంటారు. చేయి జారి అలుగు మీదికి పోకుండా ఆపడం దాని పని. అరచేతిలో ఇమిడే ఈ బిళ్ళ మీద కొంగలు, పూలు, చక్రాలు, వంశచిహ్నాలు ఎంతో నేర్పుగా చెక్కేవారు. 1876లో జపాను ప్రభుత్వం సైనికులు, పోలీసులు వంటివారు తప్ప ఇతరులు ఖడ్గం ధరించి తిరగడాన్ని నిషేధించింది. ఆ తరువాత ఎన్నో త్సుబలు కత్తుల నుంచి విడిపోయి దేశదేశాల మ్యూజియాలకు చేరాయి.

మరి విడిగా దొరికిన త్సుబ ఏ సంప్రదాయానికి చెందిందో చెప్పడం ఎలా? చాలామంది మొదట సంతకం కోసం వెతుకుతారు. అది సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. నొబుయియె వంటి ప్రసిద్ధ పనివారి పేర్లను ఇతరులు తమ పని మీద చెక్కిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. బొమ్మను నమ్మినా చిక్కే. ఒకే కొంగ బొమ్మను వేర్వేరు ప్రాంతాలవారు చెక్కారు.

అందుకే ముందుగా లోహాన్ని పరీక్షించాలి. ఇనుము సాగగొట్టిందా, పోత పోసిందా? పోతదైతే రంధ్రాల లోపలి గోడల మీద అచ్చు అతుకు గీత, సన్నని గుంటలు కనిపించవచ్చు. నిగనిగలాడే నలుపు ఉంటే అది ‘షకుదో’ కావచ్చు. రాగిలో కొద్ది శాతం బంగారం కలిపి, రసాయన ద్రావణంలో ఉడికిస్తే ఆ నల్లని పొర ఏర్పడుతుంది. 15వ శతాబ్దంలో మొదలైన గొతో వంశం పనిలో ఈ మిశ్రలోహం ఎక్కువ. ఒవారి ప్రాంతపు ఇనుప జాలీ పనిలో అంచున గట్టి ఇనుము బుడిపెలుగా తేలి ఉండటం తరచు చూస్తాం. వీటిని జపానువారు ‘ఇనుప ఎముకలు’ అంటారు. మధ్య రంధ్రంలో రాగి ముక్కలు బిగించి ఉంటే, ఆ బిళ్ళను ఏదో కత్తికి సరిపోయేలా అమర్చారన్నమాట.

ఈ సాక్ష్యాలలో ఏ ఒక్కటీ చాలదు. ఇనుప ఎముకలు ఇతర ప్రాంతాల పనిలోనూ కనిపిస్తాయి. అన్నీ ఒకే వైపు చూపినప్పుడు సంతకం చదవండి. అది వాటితో పొసగితే విలువైన సాక్ష్యమే. పొసగకపోతే సంతకాన్నే అనుమానించాలి. ఆధారాలు చాలనప్పుడు “ఒవారి పని కావచ్చు” అనడం చేతకానితనం కాదు, అదే శాస్త్రీయ దృష్టి.

ఇంకొక్క మాట. పాత త్సుబను తళతళలాడించాలని కొందరు గరుకు కాగితంతో రుద్దుతారు, ఆమ్లంలో ముంచుతారు. దానిమీది నల్లని పొర మురికి కాదు. పనివాడు కావాలని తెప్పించినది, కాలం ముదిర్చినది. అది పోతే మెరుపు మిగులుతుంది గాని సాక్ష్యం మిగలదు. మీ ఇంట్లో పాత రాగి నాణెం దొరికినా ఇదే నియమం పాటించండి. తోమే ముందు భూతద్దం పట్టి చూడండి. పోయిన పొరను ఏ ప్రయోగశాలా తిరిగి తేలేదు.