ముంపు రాకముందే మాట కలవాలి

తుపాను తీరం దాటిన గంటల్లోనే కరెంటు తీగలతో పాటు ఫోన్ల మాట కూడా తెగిపోతుందన్నది కోస్తా జిల్లాలకు కొత్త సంగతి కాదు. అయినా పునరావాస కేంద్రాలు, పడవలు, బియ్యం బస్తాల లెక్క తేలినంత స్పష్టంగా, సెల్ టవర్లు మూగబోయిన పూట కొల్లేటి లంక నుంచి కంట్రోల్ రూముకు కబురు ఏ దారిన చేరాలన్న లెక్క తేలడం లేదు. ఆ దారి ఔత్సాహిక రేడియో రూపంలో సిద్ధంగా ఉంది. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల విపత్తు నిర్వహణ ప్రణాళికల్లో ఆ రేడియో నిర్వాహకులకు పేరుపేరునా బాధ్యత అప్పగించి, వచ్చే వానాకాలానికి ముందే వారి వ్యవస్థను నిలబెట్టడం రెండు జిల్లాల యంత్రాంగాల తక్షణ కర్తవ్యం.

ఔత్సాహిక రేడియో, లేదా జనం నోట హామ్ రేడియో, అంటే లాభాపేక్ష లేకుండా, కేంద్ర ప్రభుత్వ లైసెన్సుతో, సొంత పరికరాలతో వ్యక్తులు నడిపే వైర్‌లెస్ కేంద్రం. 1978 నాటి నియమావళి కింద 12 ఏళ్లు నిండినవారెవరైనా రేడియో సిద్ధాంతం, నిబంధనలపై జరిగే పరీక్షలో నెగ్గి లైసెన్సు పొందవచ్చు. అలా పొందిన ప్రతి ఒక్కరికీ మన దేశంలో ‘వీయూ’ అక్షరాలతో మొదలయ్యే సంకేత నామం, అంటే కాల్ సైన్, దక్కుతుంది. ఆన్‌లైన్‌లో లైసెన్సు లేకుండా కొనే చవక వాకీటాకీకీ దీనికీ పోలిక లేదు. ఇక్కడ మాట్లాడేది ఎవరో, ఏ పౌనఃపున్యంపైనో, ఎంత శక్తితోనో చట్టానికి తెలుసు.

ఈ ప్రాంతానికి ఆ రేడియో అవసరం మిగతా చోట్ల కన్నా ఎందుకు ఎక్కువో నీటి నడక చూస్తే తెలుస్తుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చే నీరంతా కొల్లేటిలో చేరుతుంటే, దానికి సముద్రం వైపు ఉన్న సహజమైన దారి సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు ఒక్కటే కావడంతో, ఎగువన వాన వెలిశాక కూడా లంక గ్రామాల చుట్టూ నీరు రోజుల తరబడి నిలిచిపోతుంది. 2020 అక్టోబరులో తమ్మిలేరు ఏలూరు శివార్లను ముంచింది. 2024 జూలైలో ఎర్రకాలువ తాడేపల్లిగూడెం పొలాల మీద పడింది. ఆ ఏడాదే సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన బుడమేరు ఆ తర్వాత కొల్లేటి మీదికే వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఏలూరు, ఉంగుటూరు ఒక కలెక్టరు కిందికీ, తాడేపల్లిగూడెం మరొక కలెక్టరు కిందికీ వెళ్లాయి. బుడమేరు పుట్టిన కొండలు ఇంకొక జిల్లాలో ఉన్నాయి. నీటికి ఈ సరిహద్దులు పట్టవు గనుక, కబురుకూ పట్టకూడదు.

సెల్ టవర్లు ఉండగా, పోలీసు వైర్‌లెస్ ఉండగా, శాటిలైట్ ఫోన్లు ఉండగా మళ్లీ ఈ పాత పద్ధతి ఎందుకన్న ప్రశ్న సహజమే. కరెంటు పోయిన టవరు మొదట బ్యాటరీ మీద, ఆపైన డీజిల్ జనరేటరు మీద నడుస్తుంది. రోడ్డు మునిగి డీజిల్ అందకపోతే అదీ ఆగిపోతుంది. అది ఆగితే సెల్‌ఫోన్లకు వచ్చే హెచ్చరిక సందేశాలు కూడా ఆగిపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన విశాఖపట్నంలో మహానగరమే ఫోను లేక అల్లాడింది. పోలీసు వైర్‌లెస్ పోలీసుల పనికే చాలీచాలకుండా ఉంటుంది. శాటిలైట్ ఫోన్లకు ప్రత్యేక అనుమతి కావాలి గనుక అవి ఊరూరా ఉండవు. హామ్ కేంద్రం బలం వేరు: దానికీ అవతలి కేంద్రానికీ నడుమ టవరు గానీ కేబుల్ గానీ కంపెనీ గానీ అక్కరలేదు.

ఆ కేంద్రం ఎంత కొద్ది సామానుతో నిలుస్తుందో గమనించదగినది. ఏడు మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద తరంగం పొడవు సుమారు 40 మీటర్లు. అందులో సగం, అంటే 20 మీటర్ల రాగి తీగను నడిమికి కోసి, రెండు ముక్కలకూ కేబుల్ కలిపి, కొల్లేటి గట్టున రెండు కొబ్బరి చెట్ల మధ్య అయిదు మీటర్ల ఎత్తున కడితే అదే యాంటెన్నా. తీగ తక్కువ ఎత్తున ఉన్నందున తరంగాలు దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి, వాతావరణపు పై పొరల్లోని అయనోవరణాన్ని తాకి, గొడుగు విప్పినట్లు కొన్ని వందల కిలోమీటర్ల మేర తిరిగి కిందికి దిగుతాయి. రాత్రి పడ్డాక అదే పనికి మరింత తక్కువ పౌనఃపున్యానికి మారాలి. ట్రాక్టరుకు వాడే 12 వోల్టుల బ్యాటరీ ఒక్కటి ఉంటే రేడియో సెట్టు నడుస్తుంది. నెలలు నిండిన గర్భిణిని లంక నుంచి తరలించాల్సి వస్తే, అక్కడి నిర్వాహకుడు సందేశం సంఖ్య, వేళ, చోటు, ఎవరికి చేరాలి, ఏం కావాలి అన్న అయిదింటినీ వరుసగా చదువుతాడు. కంట్రోల్ రూములోని నిర్వాహకుడు రాసుకున్నది తిరిగి చదివి వినిపించి, సరేనన్న జవాబు వచ్చాకే దానిని పడవ పంపే అధికారి చేతికిస్తాడు. విన్నది ఒకటి, పంపింది ఒకటి కాకుండా కాపాడే పద్ధతి ఇదే.

ఈ విద్యకు తెలుగు నేలపై పునాది గట్టిదే. 1983లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ శిక్షణ ఇచ్చిన నిర్వాహకులు 1999 ఒడిశా పెను తుపానులో, 2001 గుజరాత్ భూకంపంలో సేవ చేశారు. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో అండమాన్‌కు వెళ్లిన బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ప్రపంచ హామ్‌లతో సంభాషిస్తుండగానే 26వ తేదీన సునామీ విరుచుకుపడింది. అభిరుచి కోసం తీసుకెళ్లిన సెట్లే ఆ ద్వీపాల నుంచి ప్రధాన భూభాగానికి క్షేమ సమాచారం మోసే సాధనాలయ్యాయి. ఆ బృందం అక్కడ ఉండడం యాదృచ్ఛికం కాగా, దాని ప్రయోజనం కళ్లారా చూసిన తర్వాత కూడా యాదృచ్ఛికానికే వదిలేయడం పాలనాపరమైన నిర్లక్ష్యం. అమెరికాలో ఔత్సాహికుల అత్యవసర సేవకు 1935లోనే సంస్థాగత రూపం ఏర్పడగా, బ్రిటన్‌లో 1953 నాటి తూర్పు తీర వరదల అనుభవమే ‘రేనెట్’ అనే స్వచ్ఛంద వ్యవస్థకు జన్మనిచ్చింది. అంతకు రెండు దశాబ్దాల తర్వాత, 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేసి వేలాది ప్రాణాలు తీసింది. అక్కడి ఘోరం బయటి ప్రపంచానికి తెలియడానికే ఆలస్యమైన ఆ అనుభవం నుంచి జిల్లా స్థాయిలో ఇలాంటి శాశ్వత వ్యవస్థ పుట్టకపోవడం మన లోపం.

హామ్ రేడియో సర్వరోగ నివారిణి కాదన్నదీ ఒప్పుకోవాలి. ఒక పౌనఃపున్యంపై ఒకసారి ఒకరే మాట్లాడగలరు. సందేశాన్ని రహస్య సంకేతాల్లో దాచకూడదు గనుక ఎవరైనా వినగలరు, కాబట్టి బాధితుల వ్యక్తిగత వివరాల విషయంలో జాగ్రత్త తప్పదు. ఉత్సాహం కొద్దీ ఎవరికి వారు వరదలోకి దిగితే సహాయకులే బాధితులవుతారు. అయితే ఈ పరిమితులన్నీ ముందస్తు శిక్షణ, క్రమశిక్షణ అవసరాన్ని పెంచేవే తప్ప ఆ వ్యవస్థను పక్కన పెట్టడానికి సాకులు కావు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్లు, తుపాను హెచ్చరిక వచ్చిన రోజున హైదరాబాదుకు ఫోను చేసి నిర్వాహకులను పంపమనడం ప్రణాళిక అనిపించుకోదు.

చేయాల్సింది స్పష్టం. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రతి జిల్లాకూ ప్రణాళికను తప్పనిసరి చేసింది. కలెక్టరు అధ్యక్షుడుగా ఉండే జిల్లా ప్రాధికార సంస్థ అందులో హామ్ నిర్వాహకులను కాల్ సైన్‌లతో సహా నమోదు చేయాలి. ఏలూరు, భీమవరం కలెక్టరేట్ల కంట్రోల్ రూముల్లో వారికి ఒక బల్ల, డాబా మీద ఒక యాంటెన్నా శాశ్వతంగా ఉండాలి. చేతి సెట్ల బలహీన సంకేతాన్ని అందుకొని శక్తి పెంచి తిరిగి ప్రసారం చేసే రిపీటర్‌ను, నియమానుసారం అనుమతి తీసుకొని, ఉంగుటూరులో నెలకొల్పాలి. అడ్డుకొండలు లేని ఈ మైదానంలో 40 మీటర్ల స్తంభం మీది యాంటెన్నాకు రేడియో చూపు సుమారు 26 కిలోమీటర్లు సాగుతుంది. అవతల పది మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉంటే అది మరో 13 కిలోమీటర్లు పెరుగుతుంది గనుక తాడేపల్లిగూడెం, భీమడోలు, నిడమర్రు సులువుగా, ఏలూరు అంచున ఆ వలయంలోకి వస్తాయి. తాడేపల్లిగూడెం నిట్, నూజివీడు ట్రిపుల్ ఐటీ విద్యార్థులతో పాటు లంక గ్రామాల యువతకు పరీక్షకు శిక్షణ ఇప్పించాలి. బారికేడ్ల దగ్గర పోలీసులు ఆపకుండా గుర్తింపు కార్డులు ఇవ్వాలి.

వీటన్నింటికీ మించి వారం వారం పిలుపు పరీక్ష జరగాలి. నిర్ణీత వేళకు కంట్రోల్ రూము ఒక్కొక్క కేంద్రాన్నీ పిలవడం, కొల్లేటికోట, గుడివాకలంక, ఉంగుటూరు వరుసగా బదులివ్వడం, పలకని కేంద్రంలో లోపమేమిటో మర్నాడే సరిచేయడం అలవాటుగా మారాలి. ఎండ కాసే ఆదివారం పిలిస్తే పలకని కేంద్రం, వరద రాత్రి పలుకుతుందని ఆశించే హక్కు ఏ కలెక్టరుకూ ఉండదు.