గిరీశం అడిగితే అగ్నిహోత్రావధాన్లు ఇచ్చారు

మాది మణికొండలో వీకెండ్ యాక్టింగ్ బ్యాచ్. ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పద్నాలుగు మందిమి, అందులో తొమ్మిది మందిమి సాఫ్ట్‌వేరే. పక్కనే సినిమా కార్మికులుండే చిత్రపురి కాలనీ ఉంది కదా, నాకు ఆ గాలి తగిలిందని మా రూమ్మేట్ డౌటు.

ఈ నెల సీన్ 'కన్యాశుల్కం' నుంచి అన్నారు సార్. నేను వెంటనే చెయ్యెత్తి గిరీశం అడిగాను. 1955 సినిమాలో ఎన్టీఆర్ వేసిన వేషం మరి! సార్ నన్ను ఎగాదిగా చూసి "నువ్వు అగ్నిహోత్రావధాన్లు" అన్నారు. ఇరవై ఎనిమిదేళ్లకే ఇద్దరు కూతుళ్ల తండ్రినైపోయాను.

చదవని వాళ్ల కోసం రెండు ముక్కలు. గురజాడ అప్పారావు రాసిన ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది, 1909లో ఆయనే బాగా పెంచి మార్చి రాశారు. మనకిప్పుడు షాపులో దొరికేది మామూలుగా ఆ రెండోదే. డబ్బు పుచ్చుకుని చిన్న పిల్లల్ని ముసలి వాళ్లకిచ్చి పెళ్లి చేయడం మీద కథ. ఇందులో నన్ను ఆపేసింది మొదటి ముద్రణకి గురజాడ రాసిన ముందుమాట. విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్లకి మహారాజా వారు లెక్క తీయిస్తే 1034 తేలాయట. ఆ లిస్టులో ఏడాది వయసు పిల్లలు కూడా ఉన్నారు. రోజూ ఎక్సెల్ షీట్లు చూసే వాణ్ణి, ఆ వరస దగ్గర మాత్రం ఫోన్ పక్కన పెట్టేశాను.

మా సీన్ ఇది. అవధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మని ఇప్పటికే ఓ ముసలాయనకిచ్చాడు, ఆమె విధవై పుట్టింటికొచ్చింది. ఇప్పుడు చిన్నది సుబ్బిని లుబ్ధావధాన్లనే ఇంకో ముసలాయనకిస్తానంటాడు. భార్య, బావమరిది వద్దంటారు. బుచ్చమ్మ బతిమాలుతుంది. ఈయన వినడు. చివరికి భార్య వెళ్లి నూతిలో దూకుతుంది. బయటికి తీస్తారులెండి, బతుకుతుంది.

ఫస్ట్ రిహార్సల్లో ఇరగదీశాననుకున్నాను. గొంతు చించుకుని అరిచాను, పై ఫ్లోర్ ఆంటీ వాచ్‌మన్‌ని పంపేంతగా. సార్ అంతా చూసి ఒకటే అడిగారు. "బుచ్చమ్మ నీకేం చెప్పింది?"

"స్క్రిప్ట్‌లో ఉంది కదా సార్."

"స్క్రిప్ట్ సంగతి కాదు. నువ్వేం విన్నావు?"

ఏమీ వినలేదు. ఆవిడ డైలాగ్ ఎప్పుడైపోతుందా, నాది ఎప్పుడు మొదలెట్టాలా అని చూస్తున్నానంతే. ఆఫీస్ కాల్స్‌లోనూ నేను చేసేది అదే అనుకోండి.

అప్పుడు శాన్‌ఫర్డ్ మైస్నర్ అనే అమెరికన్ టీచర్ ఎక్సర్‌సైజ్ ఒకటి చేయించారు. ఎదురుగా కూర్చుని, ఒకరిలో కనిపించింది ఇంకొకరు చెప్పాలి, అదే మాట తిరిగి అనాలి. "నువ్వు తల దించుకున్నావు." "నేను తల దించుకున్నాను." ఇలా పది నిమిషాలు. మొదట నవ్వొస్తుంది, తర్వాత విసుగొస్తుంది, ఆ తర్వాత ఎదుటి మనిషి ముఖం నిజంగా కనబడటం మొదలవుతుంది.

హోంవర్క్ కూడా ఇచ్చారు. అవధాన్లు తనని తాను దుర్మార్గుడు అనుకోడు, అతను చేస్తున్నది ఎందుకు రైటో అతనిలాగే రాసుకురమ్మన్నారు. లంకో హిల్స్ ఎదురుగా టీ తాగుతూ రాశాను. 'ఆస్తి ఉంది. తిండికి లోటుండదు. దాని మంచి నేను కాక ఎవరు ఆలోచిస్తారు? చిన్నపిల్ల, దానికేం తెలుసు?'

రాసింది పైకి చదువుకుంటే, ఎక్కడో అన్న మాటల్లా అనిపించింది. పోయిన వారం తాడేపల్లిగూడెంలో ఉన్న మా చెల్లితో ఫోన్‌లో అన్నవే. "డల్లాస్ సంబంధం, అబ్బాయికి సొంతిల్లు, ఇంకేం కావాలి? నీకు తెలీదులే, నాన్నా నేనూ చూసుకుంటాం." సుబ్బి పరిస్థితి, ఉద్యోగం చేస్తున్న ఇరవై అయిదేళ్ల మా చెల్లి పరిస్థితి ఒకటి కాదు, తెలుసు. కానీ గొంతు అదే. తను ఏదో చెప్పబోయింది కూడా. నేను మీటింగ్ ఉందని పెట్టేశాను. ఏం చెప్పబోయిందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. గుర్తుండడానికి నేను వింటే కదా.

షో రోజు ముప్పై కుర్చీలు, సగం ఖాళీ. ఈసారి అరవలేదు. బుచ్చమ్మ వేసిన అమ్మాయి బతిమాలుతూ మధ్యలో ఆగిపోయింది. మర్చిపోయిందో, కావాలనే ఆగిందో ఇప్పటికీ అడగలేదు. తన కళ్లలోకి చూస్తే నా తర్వాతి డైలాగ్ గొంతులోనే ఉండిపోయింది. ఆ పెళ్లి తప్పని అవధాన్లుకీ తెలుసేమో అనిపించింది. తెలిసే, మాట పోతుందని ఇంకా గట్టిగా పట్టుకున్నాడేమో. చాలా మెల్లగా "సుబ్బి పెళ్లి ఆగదు" అన్న అర్థం వచ్చేలా ఏదో అనేసి లేచి వెళ్లిపోయాను.

"రెండు డైలాగులు మింగేశావు" అన్నారు సార్. చప్పట్లు మాత్రం నూతిలో దూకిన వెంకమ్మకే ఎక్కువ పడ్డాయి.

ఇంటికెళ్తూ మర్రిచెట్టు జంక్షన్ దాటాక బైక్ పక్కకి ఆపి చెల్లికి ఫోన్ చేశాను.

"ఆరోజు ఏదో చెప్పబోయావు, ఏంటే అది?"

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మొదలుపెట్టింది. రెండేళ్లు కోచింగ్ తీసుకుని తెచ్చుకున్న బ్యాంకు ఉద్యోగం, హెచ్4 వీసా మీద వెళ్తే అక్కడ వెంటనే పని చేయడానికి కుదరకపోవడం, అబ్బాయితో విడిగా ఒక్కసారైనా మాట్లాడతానంటే అమ్మ వద్దనడం. నలభై నిమిషాలు. నేను "ఊఁ" తప్ప ఏం అనలేదు.

చివర్లో, ఆదివారం వచ్చి నాన్నతో నేను మాట్లాడతానన్నాను.

"సరే. కానీ అరవకు అన్నయ్యా" అంది.