316 గజాల మహిమ

2012 జనవరి 8న అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ మ్యాచ్‌లో డెన్వర్ బ్రాంకోస్ జట్టు పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌ను 29-23తో ఓడించింది. ఆ రోజు బ్రాంకోస్ క్వార్టర్‌బ్యాక్ టిమ్ టీబో విసిరిన బంతులు జట్టుకు తెచ్చిపెట్టిన దూరం 316 గజాలు. అందులో 80 గజాలు అదనపు సమయంలో వేసిన మొదటి బంతికే వచ్చాయి, మ్యాచ్ అక్కడితో ముగిసింది. సరిగ్గా మూడేళ్ల కిందట అదే తేదీన, కాలేజీ జట్ల ఫైనల్లో, ఈ టీబోనే కళ్ల కింద పూసుకున్న నల్లరంగు మీద యోహాను సువార్త 3:16 అని రాసుకుని ఆడి గెలిచాడు. ఇంకేం కావాలి? సువార్త వచనమే స్కోరుబోర్డు మీదికి దిగివచ్చిందని భక్తులు పొంగిపోయారు. మైదానంలో ఒంటిమోకాలి మీద వంగి అతను చేసే ప్రార్థనకు అప్పటికే ‘టీబోయింగ్’ అనే పేరు కూడా స్థిరపడింది.

మహిమ సంగతి తర్వాత, ముందు ఆ రాత్రి మైదానంలో ఎవరు లేరో చూద్దాం. స్టీలర్స్ రక్షణలో చివరి వరసను కాచే ర్యాన్ క్లార్క్ ఆడలేదు. అతనిది సికిల్ సెల్ లక్షణం ఉన్న రక్తం, ఆక్సిజన్ తగ్గితే అందులోని కణాలు వంకరపోతాయి. డెన్వర్ నగరం సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది, అక్కడి గాలిలో ఆక్సిజన్ పలచన. 2007లో అక్కడ ఆడినందుకు క్లార్క్ ప్రాణం మీదికి వచ్చింది. ప్లీహాన్నీ పిత్తాశయాన్నీ తీసేయాల్సి వచ్చింది. అందుకే ఈసారి కోచ్ మైక్ టామ్లిన్ అతన్ని దింపలేదు. డెన్వర్ జట్టు బంతితో పరుగెత్తుతుందే తప్ప విసరదనుకుని మిగిలిన రక్షకులు ముందుకు జరిగారు. వెనక ఖాళీ ఏర్పడింది. బంతి అందుకున్న డెమేరియస్ థామస్ గీత దాటేదాకా ఆగలేదు. దీన్ని దేవుడి పని అనేవారు క్లార్క్ రక్తకణాల వంకరను కూడా ఆయన పథకంలోనే చేర్చుకోవాలి. అందుకు ఎవరూ సిద్ధపడరు. ఇక అంకె మాట. ఒక్క మ్యాచ్‌లో గజాలు, నిమిషాలు, పాస్‌లు, సగటులు కలిపి వందల అంకెలు పుడతాయి. ఏ అంకె వస్తే మహిమో ముందే చెప్పి ఉంటే అది పరీక్ష. ఆట ముగిశాక ఏరుకుంటే కాదు. ఆరు రోజుల తర్వాత న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ చేతిలో బ్రాంకోస్ 45-10తో చిత్తయినప్పుడు టీబో గజాలు 136. ఆ అంకెకు తగిన వచనం కోసం ఎవరూ బైబిల్ తిరగేయలేదు.

ఈ లెక్కలో జమ ఉంటుంది, ఖర్చు ఉండదు. అయినా దీన్ని నమ్మేవారు కొద్దిమందేమీ కాదు. మ్యాచ్‌లో ఏ జట్టు గెలవాలన్నదాంట్లో దేవుడి పాత్ర ఉందని 27 శాతం మంది అమెరికన్లు 2013లో పీఆర్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థ సర్వేకు చెప్పారు. ఈ తర్కాన్ని నిజాయితీగా చివరిదాకా నడిపినవాడు నాకు తెలిసి ఒక్కడే, బఫెలో బిల్స్ ఆటగాడు స్టీవీ జాన్సన్. 2010 నవంబరులో ఇదే స్టీలర్స్ మీద, గెలిపించాల్సిన బంతిని చేజార్చుకుని, రాత్రింబవళ్లూ నిన్నే కీర్తిస్తుంటే నాకు నువ్వు చేసేది ఇదా అని ట్విట్టర్లో దేవుణ్ణే నిలదీశాడు. జనం నవ్వారు. గెలిచినవాడి కృతజ్ఞతకు చప్పట్లు కొట్టినవారికి ఓడినవాడి ఫిర్యాదును చూసి నవ్వే హక్కు ఎక్కడిది?

మైదానంలో దేవుడికి కృతజ్ఞత చెప్పడం గెలుపు గురించిన వాదం కాదు, వినయం మాత్రమే అంటారు కొందరు. వినయమైతే కెమెరా అక్కర్లేదు. తలుపు మూసుకుని ప్రార్థించమని మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో చెప్పింది హేతువాదులు కాదు, యేసే. విశ్వాసం ఆటగాడికి గుండెనిబ్బరం ఇస్తుందన్న మాట ఇంతకంటే బలమైనది. ఇవ్వొచ్చు, కాదనను. బ్రిటిష్ ట్రిపుల్ జంప్ క్రీడాకారుడు జోనథన్ ఎడ్వర్డ్స్ ఆదివారం పోటీపడనని 1991 ప్రపంచ పోటీలనే వదులుకున్నంత భక్తుడు. 1995లో గోథెన్‌బర్గ్‌లో 18.29 మీటర్లు దూకాడు, 2000లో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. 2007 నాటికి విశ్వాసం వదిలేశాడు. నమ్మకం అబద్ధమైనా దాని మానసిక బలం నిజమేనని తర్వాత తనే విశ్లేషించాడు. గోల్ కొట్టి సజ్దా చేసే ఫుట్‌బాల్ ఆటగాడు మహమ్మద్ సలాకూ, చేతిమీద హనుమంతుణ్ణి పచ్చబొట్టు పొడిపించుకున్న క్రికెటర్ దీప్తి శర్మకూ ఆ బలం అలాగే అందుతుంది. ముగ్గురి దేవుళ్లూ వేరు, ఫలితం ఒకటే. అంటే పని చేస్తున్నది మనిషి మనసు.

విశ్వాసాన్ని చాటుకునే స్వేచ్ఛ మాటకొస్తే, అది ఉండి తీరాలి. 2025 అక్టోబరు 30న నవీ ముంబయిలో, మహిళల క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్లో, ఆస్ట్రేలియాపై 127 పరుగులతో అజేయంగా నిలిచి జెమీమా రోడ్రిగ్స్ యేసుకు కృతజ్ఞత చెప్పింది. అందుకు ఆమెను సోషల్ మీడియాలో దూషించినవారికి హేతువాదంతో సంబంధం లేదు. అదే నెలలో మన జట్టు ఉజ్జయిని మహాకాళేశ్వరుణ్ణి దర్శించుకుంటే వారికి అభ్యంతరం లేదు. ఆ దర్శనం తర్వాత ఇందోర్‌లో ఇంగ్లండ్ చేతిలో 4 పరుగుల తేడాతో ఓడిపోతే మహాకాళుణ్ణి లెక్క అడగనూ లేదు. సెమీఫైనల్లో జెమీమా 82 మీద ఉండగా ఆస్ట్రేలియా క్రికెటర్ అలీసా హీలీ క్యాచ్ వదిలేసింది. అదే హీలీ అంతకుముందు విశాఖపట్నంలో 142 కొట్టి మనల్ని ఓడించినప్పుడు, ఆమె వెనక ఏ దేవుడున్నాడని ఎవరూ ఆరా తీయలేదు. బాగా ఆడింది, గెలిచింది అన్నారు, సరిపోయింది. ఆస్ట్రేలియా అమ్మాయికి ఇచ్చిన ఆ గౌరవం జెమీమాకూ దక్కాలి. ఆ 127 పరుగులూ ఆమె కొట్టినవే.